జీర్ణోద్ధారణము - పాతరాతి సాక్ష్యము



ఆలయము శిథిలమైతే బాగుచేయవలసినదే. ఇందులో మన ఆగమములకు సందేహము లేదు. కప్పు కారుతూ, గోడ బీటలువారి, విమానముపై రావిమొక్క వేరు దించుతూ ఉంటే, పాతది గనుక ముట్టరాదని చేతులు కట్టుకొని కూర్చొనమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. క్రొత్తగా గుడి కట్టించుటకంటె జీర్ణోద్ధారణమే అధిక ఫలప్రదమని పెద్దల మాట. దానికి విధానమును కూడ వారే ఏర్పరచినారు. మూలమూర్తిలోని దైవకళను కలశములోనికి ఆకర్షించి, బాలాలయములో నిలిపి, పని ముగిసిన పిదప సంప్రోక్షణముతోనో కుంభాభిషేకముతోనో స్వామిని తిరిగి స్వస్థానమునకు వేంచేపు చేస్తారు. యాదగిరిగుట్ట నరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణ కాలమున 2016 నుండి 2022 మార్చి వరకు బాలాలయములోనే పూజలందుకొన్నారు. భక్తులకు దర్శనము తప్పలేదు. స్వామికి ఆరాధన తప్పలేదు.

కనుక దేవుని విషయములో మనకు చింత లేదు. పిలిస్తే పలికే దైవము క్రొత్త గోడల నడుమకూ వస్తాడు. చింత అంతా ఆ పాత గోడల విషయములోనే.

2010 మే 26వ తేదీ రాత్రి శ్రీకాళహస్తిలో రాజగోపురము కూలిపోయినది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురమది. దాదాపు ఐదువందల ఏండ్లు యాత్రికునికి దూరమునుండే చేయెత్తి పిలిచిన శిఖరము కొద్ది క్షణములలో రాళ్ళగుట్ట అయినది. అంతకుముందే బీటలు కనబడుటచేత జనులను దూరముగా తరలించినారు గనుక ప్రాణనష్టము తప్పినది. తరువాత క్రొత్త గోపురము లేచినది. 2017లో కుంభాభిషేకము జరిగినది. నేడు మనము ఆ గోపురమునకు మ్రొక్కుతున్నాము, మ్రొక్కవలసినదే. అయితే, అది రాయలవారి గోపురమేనా? కాదు. ఆయన గోపురమున్న చోట మన కాలపువారు కట్టిన గోపురమది. ఈ మాట చెప్పుట వలన దాని పవిత్రతకు లోటు రాదు. దీనిని చూపించి ఇదే 1516 నాటిదని మన మనుమలకు చెబితే మాత్రము అసత్యమాడినవారమవుతాము.

హనుమకొండ వేయిస్తంభాల గుడి కథ వేరు. కాకతీయ రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన త్రికూటాలయమది. శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భగృహములు. దాని ఎదుటనున్న కల్యాణమండపము నేల క్రుంగి, స్తంభములు ఒరిగిపోయినవి. కాకతీయుల స్థపతులు ఇసుక నింపిన పునాదులపై కట్టినారు. పైనున్న బరువును సర్దుకొనుటకు చేసిన ఏర్పాటది. 2006 ప్రాంతమున ఆ మండపమును విప్పినారు. కూల్చలేదు, విప్పినారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకొని, పునాది సరిచేసి, విరిగి పనికిరాని చోట మాత్రమే క్రొత్త రాయి చెక్కించి, తిరిగి పేర్చినారు. 2024 మార్చిలోగాని అది పూర్తి కాలేదు. ఇంత ఆలస్యమా అని విసుగుకొన్నవారు ఎందరో! ఆ విసుగులో న్యాయము లేకపోలేదు. అయినను నేడు ఆ స్తంభముపై చేయి వేస్తే, ఎనిమిది శతాబ్దముల నాటి శిల్పి నునుపు చేసిన రాయే మన చేతికి తగులుతుంది.

రాళ్ళన్నీ దక్కినా చోటు దక్కని సందర్భము కూడ ఉన్నది. శ్రీశైలము జలాశయములో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమునకు తెచ్చి నిలిపినారు. గుడి బ్రతికినది. కృష్ణా తుంగభద్రల సంగమము మాత్రము దాని వెంట రాలేదు.

అసలు రుద్రదేవుడని, 1163 అని మనము ఇంత నిశ్చయముగా ఎట్లు చెప్పగలుగుతున్నాము? ఆలయములో శాసనమున్నది గనుక. ఆ రాయి మీద ఎవరో భక్తితోనే నునుపు పలకలు అతికించి ఉంటే ఏమయ్యేది? ఇది ఊహకు చెప్పిన మాట కాదు. మేము తిరిగిన పల్లెలలో శాసనపు బండ కాళ్ళు కడుగుకొనే మెట్టయి ఉండుట చూచినాము. ఒక ఆలయములో స్తంభములకు పట్టిన సున్నము పోవుటకై యంత్రముతో ఇసుక చిమ్మించినారు. సున్నముతోబాటు ద్వారపాలకుని కనుముక్కు తీరు కూడ పోయినది. చేయించినవారు నాస్తికులు కారు, నిత్యము ఆ స్వామికి మ్రొక్కేవారే. పోయిన దైవకళను మంత్రముతో ఆవాహన చేయవచ్చును. పోయిన అక్షరమును ఆవాహన చేసే మంత్రము ఏ ఆగమములోను లేదు.

కావున ఊరి గుడి బాగుచేయబూనిన ధర్మకర్తలకు మా మనవి ఇది. పని మొదలుపెట్టకముందే ప్రతి గోడను, ప్రతి స్తంభమును ఛాయాచిత్రములు తీయించండి. సున్నమును తొందరపడక మెల్లగా తీయించండి. క్రొత్త రాయి వేసినచోట దానిమీద సంవత్సరము చెక్కించండి. దాత పేరు చెక్కించుటకు చోటున్నప్పుడు సంవత్సరమునకు లేకపోదు. అక్షరములు కనబడితే పురావస్తు శాఖవారికి తెలియజేయండి. తడి కాగితము రాతిపై పరచి, కుంచెతో అద్ది, సిరా పూసి శాసనపు ప్రతి తీసుకొనే నేర్పరులు వారివద్ద ఉన్నారు. వారు వచ్చి ప్రతి తీసుకొని వెళ్ళేవరకు ఆ గోడ దగ్గర పలుగు పట్టనీయకండి.