పండుగలే ఇంటిపనికి గడువులు

సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగుతో నాలుగు మాటలు చెబుతాను.

మన పెద్దలు సంక్రాంతికి ఇంటికి సున్నం వేసేవారు. ఐర్లండు పల్లెల్లో ఇంట్లో స్టేషన్ ప్రార్థన జరిగే ముందు కూడా గోడలకు సున్నం కొట్టేవారు. ఉభయులకూ పండుగే గడువు.

ఇక్కడ శత్రువు దుమ్ము కాదు, తేమ. పులుసు ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తడి చల్లని గోడకు తగిలి నీరవుతాయి. అక్కడే నల్ల బూజు పడుతుంది. అది పిల్లల ఊపిరికి చేటు. కనుక రోజూ కొంతసేపు కిటికీ తెరవండి. శుక్రవారం గడప కడిగేటప్పుడే కిటికీ చట్రాలు తుడవండి.

దీపావళికి ముందు పొగగొట్టం ఊడ్పించండి, బాయిలరు చూపించండి. గొట్టం మూసుకుపోతే ఇంట్లో చేరే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అక్టోబరు చివరి ఆదివారం, గడియారం వెనక్కి తిప్పేనాడు, పొగ అలారం మీట నొక్కి చూడండి. కార్తికంలో ఆకులు రాలాక చూరు కాలువలు శుభ్రం చేయించండి. భోగికి పాత సామాను తీసివేయండి. ఉగాదికి గోడలకు రంగు వేయండి.

ఈ పట్టికను తెలుగులో వ్రాసి వంటింటి గోడకు అంటించండి. పనులు పిల్లలకూ పంచండి. చీపురు, గడప, చూరు అనే మాటలు పుస్తకంలో కంటె పనిలోనే త్వరగా వస్తాయి.