దుర్గాబాయి పేరున్న పడవ

స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసానికి పిలిస్తే, సముద్రం కనిపించని జంషెడ్‌పూర్‌లో పడవ గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కాదనలేదు. ఆమె పేరుతో కోస్ట్ గార్డ్ ఒక గస్తీ నౌకను నడిపింది. ఈ సంగతి మన తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు.

1970ల్లో బంగారం, వాచీలు దొంగచాటుగా సముద్రం మీదుగా దిగుతుంటే ఆపే నాథుడు లేడు. 1974లో వేసిన రుస్తుంజీ కమిటీ, సముద్రానికి ప్రత్యేక దళం కావాలంది. రుస్తుంజీ పార్సీ; పార్సీలు కట్టిన ఈ ఊళ్లో ఆ పేరు తలచుకోవడం బాగుంది. 1977 ఫిబ్రవరి 1న ఆ దళం కోస్ట్ గార్డ్‌గా మొదలైంది. చేతిలో ఉన్నవి నౌకాదళం ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లు, అయిదు గస్తీ పడవలు. కాపలా కాయాల్సిందేమో 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన సముద్రం!

దుర్గాబాయి పడవది సరోజినీ నాయుడు శ్రేణి. 2002 నుంచి గోవా షిప్‌యార్డ్ కట్టి ఇచ్చిన ఏడింటిలో ఇదొకటి. పొడవు సుమారు 48 మీటర్లు. వేగం గంటకు 60 కిలోమీటర్ల పైమాటే. ముందున్న 30 మిల్లీమీటర్ల తుపాకీ మన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ రకం. ఈ పడవకు ప్రొపెల్లర్ ఉండదు. వాటర్‌జెట్లు అడుగున నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతాయి. అందుకే లోతు తక్కువ నీళ్లలోకీ వెళ్తుంది, ఉన్నపళంగా ఆగుతుంది. అయితే నెమ్మదిగా తిరిగేటప్పుడు వాటర్‌జెట్ డీజిల్ వృథాగా తాగుతుంది. గస్తీ అంటే ఎక్కువ సేపు నెమ్మదిగా తిరగడమే కదా! వేటాడే కాసేపటి కోసం మిగతా రోజంతా నష్టపోవడానికి ఒప్పుకున్న డిజైన్ ఇది. నా మటుకు అది సరైన బేరమే. దొంగ పడవను అందుకోలేని గస్తీ నౌక ఎంత పొదుపుగా తిరిగితే ఏం లాభం?

1923 కాకినాడ కాంగ్రెస్‌లో, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపిన పద్నాలుగేళ్ల పిల్ల దుర్గాబాయి. కాగితాలు చూపించమని ఓడల్ని నిలదీసే పడవకు ఇంతకంటే తగిన పేరుందా? పేరు పెట్టినవాళ్లకు ఈ కథ గుర్తుందో లేదో గానీ!

తర్వాత విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఇదే తరహాలో అయిదు పడవలు కట్టింది. మొదటిది రాణీ అబ్బక్క, 2012 జనవరిలో విశాఖలోనే సేవలో చేరింది.

ఇక ఆయుర్దాయం. ఉక్కు చేసే ఊరివాళ్లకు ఉప్పునీరు ఉక్కును ఏం చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. పడవ అడుగున జింక్ దిమ్మలు బిగిస్తారు. రేకుకు బదులు ముందు అవి అరిగిపోతాయి. కొన్నేళ్లకోసారి డ్రైడాక్‌కు ఎక్కించి నాచు, నత్తగుల్లలు గీకి, అల్ట్రాసోనిక్ మీటర్‌తో రేకు మందం కొలుస్తారు. పలచబడిన చోట కోసి కొత్త రేకు వెల్డ్ చేస్తారు. ఇంజన్లు విప్పి బిగించడం సరేసరి. ఈ మరమ్మతుల ఖర్చు పెరుగుతూ పోయి, పడవ సముద్రం మీదకంటే డాక్‌లోనే ఎక్కువ రోజులుంటున్నప్పుడు జెండా దించేస్తారు.