పని అలసట నుంచి కోలుకోవడానికి అయ్యే ఖర్చు



పని ఒత్తిడి నెలల తరబడి తగ్గకుండా కొనసాగినప్పుడు మనిషి లోలోపల ఎండిపోయే స్థితిని బర్నౌట్ అంటున్నారు. 1974లో న్యూయార్కుకు చెందిన మనస్తత్త్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ పేరుతో ఒక వ్యాసం ప్రచురించారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీనికి చోటు కల్పించినది. అయితే దీనిని వ్యాధిగా కాక, వృత్తికి సంబంధించిన పరిస్థితిగా మాత్రమే పేర్కొన్నది. తీరని అలసట, చేసే పని మీద విముఖత, సామర్థ్యం తగ్గిందన్న భావన, ఈ మూడూ దాని లక్షణాలు.

వినడానికి ఇది పండితుల వాదంలా తోస్తుంది. బీమా కార్యాలయపు కిటికీ వద్దకు వెళ్లినప్పుడు మాత్రం ఈ భేదానికి రూపాయలలో విలువ ఏర్పడుతుంది.

బెంగళూరులో నెలకు 90,000 రూపాయలు చేతికి వచ్చే ఒక ఉద్యోగిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆయన 50 లక్షల గృహరుణం తీసుకున్నారు. 8.5 శాతం వడ్డీతో, 20 ఏండ్ల గడువుకు నెలసరి కంతు 43,391 రూపాయలు. ఇంటి ఖర్చు 35,000. ఇక చేయలేనని రాజీనామా చేసి ఆయన ఆరు నెలలు విశ్రాంతి తీసుకున్నారనుకుంటే, కంతులకు, ఇంటి ఖర్చుకు కలిపి 4,70,346 రూపాయలు కావలెను. వారానికొకసారి కౌన్సెలింగుకు వెళ్లి, ప్రతిసారి 1,500 చెల్లిస్తే ఆరు నెలలకు 39,000. అంటే అందరూ భయపడే వైద్యుని రుసుము మొత్తం ఖర్చులో పదోవంతు కూడా కాదు. కుటుంబాన్ని కుంగదీసేది జీతం ఆగిపోవడమే. పొదుపు లేని ఇంట ఈ లోటు క్రెడిట్ కార్డు మీదికి వెళుతుంది. అక్కడ వడ్డీ నెలకు మూడు శాతం పైమాటే. లేదా బీరువాలోని నగ తాకట్టు దుకాణానికి చేరుతుంది.

లెక్కలోకి రాని నష్టాలు మరికొన్ని ఉన్నవి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ దక్కాలంటే సాధారణంగా ఐదేండ్ల అవిచ్ఛిన్న సేవ ఉండాలి. మూల వేతనం, కరువు భత్యం కలిసి 45,000 అయితే ఐదేండ్లకు వచ్చే మొత్తం సుమారు 1,29,800 రూపాయలు. నాలుగేండ్ల నాలుగు నెలలకే వెళ్లిపోయిన వారికి అది రాదు. ఐదేండ్ల సేవ నిండకముందే భవిష్యనిధి సొమ్ము తీసుకుంటే దాని మీద పన్ను పడుతుంది. అన్నిటికన్న ముఖ్యమైనది, సంస్థ ఇచ్చిన సామూహిక ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే ముగిసిపోవడం. చికిత్స అవసరమైన వేళకే రక్షణ తొలగిపోతుందన్న మాట.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకు కూడా బీమా కల్పించవలెనని ఆదేశించినది. అది గొప్ప మేలు. కాని ఆరోగ్య బీమాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం రాసినవి. వారం వారం వెళ్లే కౌన్సెలింగుకు అనేక పాలసీలలో చోటు లేదు. బర్నౌట్ అన్న ఒక్క మాట మీద పరిహారం లభించడం కష్టం. అలసట వెనుక కుంగుబాటో, ఆందోళన వ్యాధియో ఉన్నదా అన్నది వైద్యుడు పరీక్షించి నిర్ణయించవలసిన విషయం. ఉన్నట్లయితే దానిని పత్రంలో స్పష్టంగా రాయించుకొనడం రోగి హక్కు. పరువు పోతుందని, పెండ్లి సంబంధాలు చెడతాయని ఆ పేరు రాయవద్దని వైద్యుని బతిమాలే కుటుంబాలు మన తెలుగువారిలో తక్కువేమీ కాదు. ఆ మొగమాటం ఖరీదు కూడా ఇంటి లెక్కలోకే చేరుతుంది.

అలసట కంప్యూటరు ముందు కూర్చున్నవారి సొత్తు కాదు. పీణ్య, బొమ్మనహళ్లి ప్రాంతాల దుస్తుల కర్మాగారాలలో కుట్టుమిషను ముందు రోజంతా తల వంచుకొని పనిచేసే స్త్రీలకు విశ్రాంతి అన్న మాటే విలాసం. అయితే వారికి ఒక ఆధారం ఉన్నది. నెల జీతం 21,000 రూపాయలు మించని కార్మికులకు ఈఎస్ఐ పథకం వర్తిస్తుంది. చందా నియమాలు నెరవేరి, వైద్యుడు ధ్రువీకరిస్తే, ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భృతిగా లభిస్తుంది. రోజుకు 600 రూపాయల వేతనం గల స్త్రీకి అది రోజుకు 420 రూపాయలు, పూర్తి 91 రోజులకు 38,220. పెద్ద మొత్తం కాదు, నిజమే. అయినా ఇంటి అద్దె ఆగదు, పిల్లల బడి ఆగదు. జీతంలో నెలనెలా కోత పడుతున్నా ఈ భృతి సంగతి తెలియనివారు ఎందరో.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నారు పెద్దలు. ఈ సందర్భంలో దీపం అంటే ఉద్యోగమే. కర్ణాటక దుకాణాల, వాణిజ్య సంస్థల చట్టం కింద ఏడాదికి 12 రోజుల వరకు వేతనంతో కూడిన అనారోగ్య సెలవు ఉన్నది. అది, ఆర్జిత సెలవు అయిపోయిన తరువాత కూడా రాజీనామాకన్న జీతం లేని సెలవు అడగడం మేలు. సేవ తెగదు, బీమా కొనసాగుతుందో లేదో సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకొనవచ్చును. తప్పక వెళ్లిపోవలసి వస్తే, సామూహిక పాలసీ నుంచి అదే బీమా సంస్థ వారి వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని ఆఖరి పనిదినానికి ముందే అడగవలెను. గృహరుణం ఉన్నవారు కంతు తప్పక ముందే బ్యాంకు మేనేజరును కలవడం మంచిది. బకాయి 90 రోజులు దాటితే ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. ఆ తరువాత మాటలకు చోటు తక్కువ.

వైద్యం ఖరీదు గురించి భయపడేవారికి ఈ నగరంలోనే నిమ్హాన్స్ ఉన్నది. అనంతపురం, చిత్తూరు వైపుల నుంచి రోగులు వచ్చే హోసూరు రోడ్డు ఆసుపత్రి అదే. అక్కడ వరుస పొడుగు, రుసుము స్వల్పం. అంత దూరం వెళ్లలేనివారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవ ఉన్నది. 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును. అవతలివారితో తెలుగులోనే మాట్లాడవచ్చును.