పిల్లల పుట్టుమచ్చ, పెద్దల పుట్టుమచ్చ



మెలనోమా అనే మాట మనలో చాలామంది విని ఉండరు. చర్మానికి రంగునిచ్చే కణాలు దారితప్పి పెరిగితే వచ్చే కాన్సరు ఇది. తెల్లవాళ్ల దేశాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. తక్కువ కదా అని ఊరుకుంటాం. అక్కడే మోసపోతాం. ఈ జబ్బు పెద్దల్లో ఒకలాగ, పిల్లల్లో ఇంకోలాగ కనబడుతుంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చెప్తాం.

ముందు పెద్దల సంగతి. తెల్లవాళ్లకు ఎండ తగిలే ఒంటి మీద వస్తే, మనబోటి వాళ్లకు ఎక్కువగా అరికాలు, అరచెయ్యి, గోరు కింద వస్తుంది. బొబ్బిలి పొలాల్లో, కళింగపట్నం ఒడ్డున చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకు ముల్లు దిగడం, గోరు చితకడం మామూలే. అందుకని నల్లమచ్చ వస్తే దెబ్బే అనుకుంటారు. జమైకా గాయకుడు బాబ్ మార్లే బొటనవేలి గోరు కింద మచ్చను కూడా మొదట బంతాటలో తగిలిన దెబ్బే అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. 1981లో, 36 ఏళ్లకే ఆయన పోయారు.

గుర్తుపట్టడం ఎలాగ? దెబ్బ వల్ల గోరు కింద చేరిన నల్లరక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. జరగకుండా నిలువు గీతలా ఉండి, వెడల్పవుతూ, పక్క చర్మానికి పాకితే చూపించుకోవాలి. ఒంటి మీది మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు వంకరటింకరగా ఉన్నా, రకరకాల రంగులు కలిసినా, 6 మిల్లీమీటర్లు దాటి పెరుగుతున్నా అనుమానించాలి.

ఇప్పుడు పిల్లల సంగతి. మొత్తం మెలనోమా రోగుల్లో ఇరవై ఏళ్ల లోపువాళ్లు నూటికి నలుగురికి మించరు. అయితే పైన చెప్పిన గుర్తులు పిల్లల దగ్గర పనిచెయ్యవు. 2013లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఒక పరిశీలనలో, పదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 60 మందికి ఆ గుర్తులు లేనే లేవు. పిల్లల్లో అది నల్లగా ఉండకపోవచ్చు. గులాబి రంగులోనో, ఎర్రగానో చిన్న బుడిపెలా లేచి, గీరితే రక్తం కారుతుంది. చూసినవాళ్లు పులిపిరి అంటారు. "ఏటవుతాదిలే, ఎదిగితే పోతాది" అంటారు. సున్నం పెడతారు, గుర్రపు వెంట్రుక కడతారు. నెలలు గడిచిపోతాయి. పదమూడు, పద్నాలుగు దాటిన పిల్లల్లో మాత్రం జబ్బు చాలావరకు పెద్దల పోలికే.

ఇంకో తేడా ఉంది. గజ్జల్లో, చంకల్లో బిళ్లలకు పాకడం పిల్లల్లోనే ఎక్కువగా కనబడుతుంది. అయినా బతికి బట్టకట్టేవాళ్లూ పిల్లల్లోనే ఎక్కువ. కనుక బిళ్ల కట్టిందని ఆశ వదులుకోకూడదు. మొదట్లో దొరికితే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీసేస్తే చాలు. ముదిరినవాళ్లకు ఒంట్లోని రోగనిరోధక శక్తిని రేపే మందులు వచ్చాయి. వాటిలో ఇపిలిముమాబ్‌ను పన్నెండేళ్లు దాటిన పిల్లలకు వాడవచ్చని 2017లో అమెరికాలో అనుమతించారు.

తల్లులు భయపడిపోకండి. పసిబిడ్డ నడుము మీది నీలిమచ్చ జబ్బు కాదు, అదే పోతుంది. పిల్లల పుట్టుమచ్చల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా మంచివే. పుట్టుకతోనే అరచెయ్యంత పెద్ద నల్లమచ్చ ఉన్న బిడ్డను మాత్రం ఏటేటా డాక్టరుకు చూపించాలి.

మన ఇళ్లలో చెప్పుకోవలసిన మాట ఇంకొకటి. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే జబ్బు ఉంది. ఎండ వల్ల కణాలకు కలిగే దెబ్బను ఒళ్లు బాగుచేసుకోలేదు. రెండేళ్ల బిడ్డకే ముఖమంతా చుక్కలు లేస్తాయి, ఎండకు కళ్లు తెరవలేడు. ఇలాంటి పిల్లలకు చిన్నతనంలోనే చర్మ కాన్సర్లు, మెలనోమా కూడా వస్తాయి. తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. దగ్గర చుట్టరికాల పెళ్లిళ్లలో ఇది ఎక్కువ. చిన్నాన్న కూతురు, మేనమామ కొడుకు అని సంబంధం కలుపుకొనే ముందు, వంశంలో ఇలాంటి బిడ్డ ఉన్నాడా అని అడగడం తప్పు కాదు. దాచిపెట్టడమే తప్పు.

మరి మనం ఏం చెయ్యాలి? రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తాం. కాళ్లు కడుగుతున్నప్పుడు వారానికొకసారి, జుమా నాడు, అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు తిప్పి చూసుకోండి. పండక్కి మెహందీ పెట్టబోయే ముందు ఆడపిల్లల చేతిగోళ్లు, కాలిగోళ్లు చూడండి, పెట్టాక ఆ రంగులో మచ్చ కనబడదు. బ్లేడుతో కోయించకండి, కాల్చకండి. కోసిన ముక్కను తప్పకుండా పరీక్షకు పంపమని అడగండి. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో చర్మవైద్యులకు చూపించండి. అవసరమైతే విశాఖలో కె.జి.హెచ్. ఉంది, అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం గురించి అక్కడే వాకబు చెయ్యండి.

దర్గాకు వెళ్లి దువా చేయించండి, మేము కాదనం. కానీ డాక్టరు దగ్గరకు వెళ్లడం వాయిదా వెయ్యకండి. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమన్నది మన ప్రవక్త వారి బోధే. ఈ సంగతి ఇంటికెళ్లి అమ్మీకి, ఆపాకి, పక్కింటి హిందూ సోదరులకు కూడా చెప్పండి. ఒక్క బిడ్డ వేళకు ఆసుపత్రి చేరినా ఈ సభ సార్థకమైనట్టే. అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.