మూలనున్న కంప్యూటరు జాతకఫలము
(గ్రంథాలయ వారోత్సవముల సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు మనము పంచాంగ శ్రవణము చేయుదుము. మేషము మొదలు మీనము వరకు పండ్రెండు రాసులవారికిని ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదివి వినిపింతురు. ఇంటిల్లిపాది జాతకమును శ్రద్ధగా వినుదుము. పాడిపంటల యోగక్షేమములను, వానల రాకను విచారింతుము. కాని ఏ రాశికిని చెందక, ఏ సిద్ధాంతిగారి నోటను పేరు వినబడక, మన ఊళ్లలో మూలను కూర్చున్న జీవి ఒకటి కలదు. అదియే తక్కువ ఖరీదు బల్లమీది కంప్యూటరు. దాని జాతకమును నేడు మీకు చదివి వినిపింపదలచితిని. నేను జ్యోతిషము నేర్చినవాడను కాను. అయినను ఈ జాతకము చెప్పుటకు గ్రహగతులు తెలియనక్కరలేదు; కన్నులు తెరచి చూచిన చాలును.

దీనిని మీలో చాలమంది చూచియే యుందురు. పాఠశాలలో ప్రధానోపాధ్యాయుని గది మూలనో, సంఘ కార్యాలయములో బీరువా ప్రక్కనో, గ్రంథాలయములో దినపత్రికల బల్ల వెనుకనో ఇది ఉండును. తెరమీద పువ్వుల గుడ్డ. పెట్టెమీద పాత హాజరు పట్టీలు. వానిపై సుద్దముక్కల డబ్బా. విజయదశమినాడు ఎవరో ఒకరు ఆ గుడ్డ తొలగించి, దుమ్ము దులిపి, పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, హారతి యిచ్చి, మరల గుడ్డ కప్పుదురు. మీట మాత్రము నొక్కరు. ఎవడైన కుర్రవాడు చేయి చాచినచో, "ముట్టుకొనకు నాయనా, పాడగును" అని పెద్దలు వారింతురు. కావున దీని వార్షిక ఫలము ఇట్లున్నది: ఆదాయము 0, వ్యయము 0, రాజపూజ్యము 1, అవమానము 364.

ఫలము చెప్పుటకు ముందు జన్మవృత్తాంతము తెలిసికొనవలెను. కొనునపుడు అందరికంటె తక్కువ ధర చెప్పినవారివద్ద కొన్నందున, దీనికి చౌకరకమను పేరు పుట్టుకతోనే వచ్చినది. కాని ఇది నిజముగా అల్పజీవియా? 1969 జులైలో చంద్రునిపై మానవుని దించిన అపోలో నౌకలో ఒక కంప్యూటరు ఉండెను. లెక్క చేయుచు వ్రాసి చెరుపుకొనుటకు దానికి గల స్థానము 2,048 పదములు మాత్రమే. మన కొలతలో అది నాలుగు కిలోబైట్లు. మన మూలనున్న దానికి రెండు జీబీల మెమొరీ ఉన్నదనుకొందము. అపోలో కంప్యూటరుకంటె ఇది అయిదు లక్షల రెట్లకు పైగా అగును. ఆ 1969 లోనే మన హైదరాబాదునందు, అంతకు రెండేండ్ల క్రిందట నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసినది. ఆ కాలమున ఒక్క కంప్యూటరు కొరకు ఎందరో పండితులు తమ వంతు వచ్చువరకు వేచియుండెడివారు. నేడు చంద్రునికి దారి చూపిన యంత్రముకంటె అయిదు లక్షల రెట్ల జ్ఞాపకశక్తి గల యంత్రము, మన ఊరిలో సుద్దముక్కల డబ్బా మోయుచున్నది. పురుషుని భాగ్యమే కాదు, యంత్రపు భాగ్యము సైతము చెప్పుట కష్టము!

ఇక భవిష్యత్తు. నేను గణించినంతవరకు దీనికి నాలుగు యోగములు కలవు.

మొదటిది అవయవదాన యోగము. ముందుగా మౌసు పోవును. అది ఎట్లు పోయినదో ఎవరును ఎరుగరు. తరువాత తెరను టీవీకో, నిఘా కెమెరాకో తగిలించుటకు ఎవరో "రెండు దినములలో తిరిగి యిత్తును" అని తీసికొనిపోవుదురు. ఆ రెండు దినములు బ్రహ్మదేవుని దినములు. యూపీఎస్ పెట్టె తలుపు కొట్టుకొనకుండ అడ్డుపెట్టుటకు పనికివచ్చును. చివరకు మిగిలిన ఇనుపపెట్టెకు స్టాకు రిజిస్టరులో మాత్రము "కంప్యూటరు ఒకటి, పూర్తి సామగ్రితో" అని సంవత్సరము తరువాత సంవత్సరము వ్రాయబడుచుండును.

రెండవది పాతసామాను యోగము. ఒకనాటి మధ్యాహ్నము బండివాడు వచ్చి, పాత ఇనుముతో పాటు దీనిని తూచి తీసికొనిపోవును. ఇందు నవ్వుకొనుటకు ఏమియు లేదు. దీని కడుపులో హార్డ్ డిస్కు అను ఖజానా కలదు. అందు పింఛనుదారుల పేర్లు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు, ఆధారు సంఖ్యలు, పిల్లల మార్కులు ఉండవచ్చును. "అన్నియు తుడిచివేసితిమి" అని మనము సంతోషింతుము. కాని జాబితాలో పేరు కొట్టివేసినంత మాత్రమున పుస్తకము అలమారునుండి మాయము కాదుగదా! డిస్కులోను అంతే. దానిపై మరల వ్రాసినగాని పాత వ్రాత పోదు. ఆ పని చేయు ఉచిత సాధనములు కలవు. డిస్కు చెడిపోయి తెరువరానిచో, దానిని ఊడదీసి, పళ్లెములకు బెజ్జములు వేయించిన తరువాతనే బయటికి పంపవలెను.

మరియొక కీడును కలదు. రాగి కొరకు తీగలను కాల్చినపుడు వాని ప్లాస్టిక్కు తొడుగునుండి విషవాయువులు వెలువడును. పలకలపై అతుకులలో సీసము ఉండవచ్చును. పాతకాలపు లావు గాజుతెరలో సీసము మరింత ఎక్కువ. ఆ పొగను పీల్చునది కాల్చువాడు మాత్రమే కాదు, అతని ప్రక్కన ఆడుకొను బిడ్డయును. 2022లో ప్రపంచమందంతటను 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడినవి. అందు నూటికి 22 పాళ్లు మాత్రమే సక్రమముగా సేకరింపబడినట్లు లెక్క కలదని ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక 2024లో తెలిపినది. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నియమావళి ననుసరించి, ఇట్టి సామగ్రి కాలుష్య నియంత్రణ మండలివద్ద నమోదైన సంస్థలకు చేరవలెను. కావున మనుష్యునివలె కంప్యూటరునకును అంత్యక్రియలు శాస్త్రోక్తముగా జరుగవలెను. దహనము మాత్రము కూడదు.

మూడవది తవ్వకముల యోగము. ఎవరును ముట్టక, ఎవరును అమ్మక, అట్లే ఉండిపోయి, వేయేండ్ల తరువాత పురావస్తు శాఖవారికి దొరుకును. అప్పుడు పండితులు సభ చేయుదురు. "నున్నని నల్లని పలక, కావున ఇది అంజనము వేసి చూచిన అద్దము" అని ఒకరందురు. "కాదు, ఎదుట తోకతో సహా మూషికమున్నది, ఇది విఘ్నేశ్వరుని పీఠము" అని రెండవవారు ఖండింతురు. "పసుపు కుంకుమల గుర్తులున్నవి. అరిగిన గుర్తు ఒక్క మీటపైనను లేదు. కావున పూజించిరే గాని వాడలేదు" అని మూడవవారు తేల్చుదురు. ముగ్గురిలో మూడవవారు చెప్పినదే అక్షరాల నిజము!

నాలుగవది పునర్జన్మ యోగము. ఇది గ్రహములచేతిలో లేదు, మనచేతిలో ఉన్నది. దోషములేవో, వానికి శాంతులేవో క్రమముగా చెప్పెదను.

మొదటి దోషము, గడియారము నిలువకపోవుట. మీట నొక్కగానే ఈ యంత్రము ప్రతి ఉదయమును పదునైదేండ్ల క్రిందటి తేదీననే మేల్కొనును. తేదీ తప్పుగా ఉండుటచేత ఇంటర్నెట్టులో అనేక స్థలములు దీనిని లోపలికి రానీయవు. అందరును "యంత్రము పోయినది" అందురు. పోయినది యంత్రము కాదు. లోపలనుండు బిళ్లంత బ్యాటరీ. దాని పేరు సీఆర్ 2032. గడియారములు బాగుచేయు దుకాణములోను దొరకును.

రెండవ దోషము, బీప్ బీప్‌మని కూయుట, తెర వెలుగకపోవుట. చాలసార్లు మెమొరీ పలక అంచులకు మాలిన్యము పట్టుటయే కారణము. విద్యుత్తు తీగను పూర్తిగా ఊడదీసి, ఇనుపపెట్టెను ఒకమారు చేతితో తాకి, పలకను తీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, మరల గట్టిగా అమర్చవలెను.

మూడవది, కొంతసేపు నడచి దానంతటదే ఆగిపోవుట. లోపలి ఫంకాకు దుమ్ము అడ్డుపడి వేడి బయటికి పోనందున, యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకు ఆగును. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుటయే శాంతి. కరెంటు పెట్టెలో ఉన్న విద్యుత్ సరఫరా డబ్బాను మాత్రము విప్పరాదు. అది తెలిసినవాని పని.

నాలుగవది మందగమనము. పాత హార్డ్ డిస్కు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగు పళ్లెము. మెమొరీ చాలనపుడు యంత్రము అస్తమానము ఆ పళ్లెమువద్దకు పరుగులు తీయును. తిరుగుడు లేని ఎస్ఎస్‌డీ అను డిస్కును పెట్టి, మెమొరీని నాలుగు జీబీలకు పెంచినచో, అదే ముసలి యంత్రము కర్ర పారవేసి నడచును.

అయిదవది ఆయుర్దాయ దోషము. విండోస్ 7 నకు భద్రతా సవరణలు 2020 జనవరి 14న ముగిసినవి. విండోస్ 10 నకు సాధారణ మద్దతు విశ్వావసు సంవత్సరమున, అనగా 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 పాత యంత్రములను చాలవరకు గడప దాటనీయదు. కావున అట్టి పాత విండోస్‌తో బ్యాంకు పనులు చేయరాదు. అయినను దారి మూసికొనిపోలేదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సునందు పాత యంత్రములకు సరిపడు తేలికపాటి రకములు కలవు. వానికి వెల లేదు, సవరణలును వచ్చుచుండును. కేరళలోని ప్రభుత్వ పాఠశాలలు చాలకాలముగా ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు చదువు నేర్పుచున్నవి.

"ఇన్ని శాంతులు చేసి దీనితో సాధింపగలదేమి?" అని మీరడుగవచ్చును. చెప్పెదను. ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష రెండు తెలుగు రాష్ట్రములందును 2018 నుండి కంప్యూటరుమీదనే జరుగుచున్నది. మూడు గంటలు, 160 ప్రశ్నలు. పట్టణపు బిడ్డకు మౌసు చేతివ్రేలివంటిది. పల్లెబిడ్డ, లెక్కలు ఎంత బాగుగా వచ్చినను, మౌసును పట్టుట పరీక్షనాడే నేర్చుకొనవలసివచ్చిన, ఆ మొదటి పావుగంట ఎవరు తిరిగి యిత్తురు? బాణము నొకచోటికి గురిచేసి నొక్కుట, తప్పు జవాబును మార్చుకొనుట, తెరమీద పాఠము చదువుట — ఇవి నేర్చుటకు ఇంటర్నెట్టు అవసరము లేదు, క్రొత్త యంత్రమును అవసరము లేదు. మన మూలనున్నదే చాలును. నూరు వాట్లు వాడు యంత్రమైనను పది గంటలు నడచినచో అగునది ఒక్క యూనిట్ కరెంటు.

గ్రంథాలయమునకును ఇది పనికివచ్చును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అను ఉచిత సాధనము ద్వారా ఒకమారు దింపుకొన్నచో, ఇంటర్నెట్టు లేకయే చదువుకొనవచ్చును. పుస్తకముల జాబితా వ్రాసికొనవచ్చును. అర్జీలు తెలుగులో అచ్చుకొట్టుకొనవచ్చును.

ఇంతకు ఈ యంత్రము ఇన్నాళ్లు ఏల మూలబడినది? ధర తక్కువగుటచేత కాదు. వయస్సు మీరుటచేత కాదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చెనని సామెత. అందరిదియు అగుటచేత ఇది ఎవరిదియు కాకపోయినది. ఎద్దుకు మేత వేయుట ఎవరి వంతో ఇంటిలో అందరికిని తెలియును. కంప్యూటరునకు బ్యాటరీ మార్చుట ఎవరి వంతో ఏ రిజిస్టరులోను వ్రాసిలేదు. పాడగునని ముట్టకుండుటచేతనే ఇది పాడైనది.

కావున ఈ సంఘము తన తీర్మానపు పుస్తకములో మూడు పంక్తులు వ్రాసికొనవలెనని కోరుచున్నాను. ఒకటి: ఈ యంత్రము ఫలానా వారి బాధ్యత, పేరుతో వ్రాయవలెను. రెండు: దినమునకు రెండు గంటలు బాలబాలికలకు వంతులవారీగా ఇయ్యవలెను, బాలికల వంతు ఎగురగొట్టరాదు. మూడు: తెలిసినవారిని పిలిపించి చూపించి, బాగుపడునో పడదో నెలదినములలో తేల్చవలెను, బాగుపడనిచో డిస్కులోని వ్రాతను నాశనముచేసి, రిజిస్టరులో కొట్టివేసి, నమోదైన సంస్థకు అప్పగింపవలెను.

వచ్చు విజయదశమికి దీనికి బొట్టు పెట్టవద్దని నేననను, పెట్టుడు. కాని ఆనాటికి మీటలపై అక్షరములు పిల్లల వ్రేళ్లకు కొంత అరిగియుండవలెను. అప్పుడు వచ్చు ఉగాదికి దీని ఫలము నేను చెప్పనక్కరలేదు. ఆదాయమెంతో పరీక్ష వ్రాసి వచ్చిన బిడ్డలే చెప్పుదురు.