తోలు చూసి చెప్పు కొనండి

(గార్లదిన్నెలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తోళ్ళ గురించి రెండు మాటలు చెప్పమని పెద్దలు ఆదేశించారు. మన తరానికి ఇది కొత్త విషయం కాదు. కరెంటు మోటార్లు రాకముందు కపిల బావుల్లో నీళ్ళు తోడింది తోలు బానే గదా! మన మెట్టల్లో పెరిగే తంగేడు చెక్కను, కరక్కాయను నానబెట్టిన నీళ్ళలో తోళ్ళను వారాల తరబడి ఉంచి పదును చేసేవారు. ఆ తోలు గట్టిగా ఉంటుంది. చెప్పుల అడుగులకు, బెల్టులకు అదే మేలు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలది వేరే దారి. మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడతారేగాని పదును చేయరు. అందుకే దీపపు వెలుగు అందులోంచి తెరమీద పడుతుంది. ఈ కళలోనే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే తోలుతో చెప్పులు కుడితే ఒక్క వానకు మెత్తబడిపోతాయి. తోలు పేరు ఒకటే అయినా, చేసిన పద్ధతిని బట్టి గుణం మారుతుంది.

ఇప్పటి తోలు బూట్ల పైభాగం ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసినదే. త్వరగా తయారవుతుంది, మెత్తగా ఉంటుంది.

ఇక పైపూత సంగతి. వెంట్రుకల వైపు పొరను అలాగే ఉంచితే సన్నని రంధ్రాలు కనిపిస్తాయి, గాలి ఆడుతుంది. ఇది మేలురకం. మచ్చలున్న తోలునైతే సానబట్టి, దట్టంగా రంగు పూసి, పైన అచ్చు గీతలు వేస్తారు. అద్దంలా మెరిసే పేటెంట్ తోలుకు పూత మరీ మందం. లోపలి పొరను విడదీసి నూగు వచ్చేలా రుద్దితే స్వేడ్. రెక్సిన్ అసలు తోలే కాదు, గుడ్డమీద ప్లాస్టిక్ పూత.

నేను షుగరు మనిషిని. మనవరాలి పెళ్ళికి మెరుపు చూసి బూట్లు కొన్నాను. మడమ ఒరుసుకొని పుండు పడింది. స్పర్శ తగ్గిన కాలు గనుక మూడురోజులదాకా తెలియనేలేదు. మానడానికి రెండు నెలలు పట్టింది.

అందుకే చెబుతున్నాను. కత్తిరించిన అంచు చూడండి: తోలైతే పీచు, రెక్సినైతే గుడ్డ కనిపిస్తుంది. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. షుగరున్నవారు డాక్టరునడిగి ఎం.సీ.ఆర్. మెత్త ఉన్న చెప్పులు తీసుకోండి. రోజూ రాత్రి పాదాలు చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవారిని చూడమనండి, మొహమాటపడకండి.