మందు ధర ఎక్కడ పెరుగుతోంది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకన్నా ముందు మాట్లాడినవారు దండారి గురించి, మన భాష గురించి చక్కగా చెప్పారు. నేను మందుల ధరల గురించి మాట్లాడతాను. సంస్కృతి సభలో ఇదేం ముచ్చట అనుకోవద్దు. పత్తి డబ్బులు మెడికల్ షాపుకే పోతే పండుగకు ఇంట్లో ఏం మిగులుతుంది?

మా హాస్టల్లో సికిల్ సెల్ ఉన్న ఆడపిల్లలు ఉన్నారు. చలికాలం వస్తే కాళ్లు, నడుము నొప్పులతో రాత్రంతా నిద్రపోరు. వాళ్లకు డాక్టర్లు ముఖ్యంగా రాసేవి రెండు: హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్, ఫోలిక్ యాసిడ్ గోళీ. రెండూ పాత మందులే. వాటి మీద ఇప్పుడు ఎవరి పేటెంటూ లేదు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని 1940లలో అమెరికాలో నడిపించింది భీమవరంలో పుట్టిన మన తెలుగాయన, ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

అలాంటి మందుల కోసం మా తొమ్మిదో తరగతి పిల్ల తండ్రి అప్పు చేశాడు. సెలవులకు ఇంటికెళ్లిన పిల్లకు నొప్పి వచ్చింది. దగ్గరి ఆసుపత్రిలో స్టాకు లేదన్నారు. ఆటో మాట్లాడుకొని పట్నం పోతే ప్రైవేటు డాక్టరు చీటీ రాశాడు. పక్కనే షాపు. తర్వాత ఆ సంచి నా దగ్గరికి తెస్తే బల్ల మీద పరిచి చూశాను. కావాల్సిన రెండు మందులతో పాటు రెండు బలం టానిక్కులు, కాల్షియం, గ్యాస్ గోళీలు ఉన్నాయి. అసలు మందుల కన్నా టానిక్కుల బిల్లే ఎక్కువ!

ఇక్కడే ఉంది కిటుకు. బియ్యం కొంటే మనమే చూసి, బేరమాడి కొంటాం. మందును ఎంచుకునేది డాక్టరు, అమ్మేది షాపు, డబ్బు కట్టేది మనం. స్ట్రిప్ మీద రెండు పేర్లుంటాయి: ఒకటి మందు అసలు పేరు, రెండోది కంపెనీ పెట్టుకున్న పేరు. కంపెనీలు తమ పేరే చీటీలో పడాలని మనుషులను పెట్టి డాక్టర్ల చుట్టూ తిప్పుతాయి. ఆ ఖర్చు మన బిల్లులోనే వస్తుంది. కొన్ని జనరిక్ మందులను షాపువాళ్లు చాలా తక్కువకు కొంటారు, కానీ స్ట్రిప్ మీద ఎమ్మార్పీ బ్రాండుకు దగ్గరగానే ఉంటుంది. అందుకే "జనరిక్ ఇవ్వండి" అంటే సరిపోదు, ధర కూడా అడగాలి.

ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టడం లేదా అంటే, కడుతుంది. అయితే 2013 ఉత్తర్వు ప్రకారం, మార్కెట్లో 1 శాతం, ఆ పైన వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి షాపువాడి లాభం 16 శాతం కలుపుతారు. అంతకు ముందు 1995 ఉత్తర్వులో తయారీ ఖర్చును చూసేవాళ్లు. ఇప్పుడు ధర ఎక్కువున్న బ్రాండ్లే సగటును పైకి లాగుతాయి. అత్యవసర మందుల జాబితాలో లేనివాటికైతే ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. నా మట్టుకు నాకు పాత పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది.

పేటెంటు ఉన్న మందుల సంగతి వేరు. కిడ్నీ, కాలేయ క్యాన్సర్‌కు వాడే నెక్సవార్ నెలకు సుమారు 2,80,000 రూపాయలుండేది. 2012లో ప్రభుత్వం తప్పనిసరి లైసెన్సు ఇస్తే హైదరాబాద్‌లోని నాట్కో కంపెనీ దాన్నే 8,880కు ఇచ్చింది. చట్టం చేతిలో ఉంటే ధర ఎంత దిగుతుందో చూడండి.

మనకు మాత్రం ముందు కావాల్సింది స్టాకు. తమిళనాడు 1990ల నుంచి ఒకే కార్పొరేషన్ ద్వారా మందులు టోకున కొని, ప్రతి బ్యాచ్‌నూ పరీక్ష చేయించి ఆసుపత్రులకు పంపుతోంది. చవక మందు పనిచేయదు అనేవాళ్లకు నేనిచ్చే జవాబు ఆ పరీక్షే. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో మన జిల్లాల్లాంటి ప్రాంతాలే ఉన్నాయి. పరీక్షించి కార్డు ఇస్తే చాలదు, ఆ కార్డు చూపిస్తే క్యాప్సూల్ చేతికి రావాలి. జనఔషధి షాపుల్లో మందులు బ్రాండు ధర కన్నా 50 నుంచి 80 శాతం తక్కువని ప్రభుత్వమే చెబుతోంది. మరి ఆ షాపు మన వారం అంగడి జరిగే ఊళ్లో ఎందుకుండకూడదు?

చెట్టు మందు మానమని నేను చెప్పను. మా అమ్మ కూడా వాడుతుంది. కానీ దాని కోసం పిల్లకు హైడ్రాక్సీయూరియా ఆపకండి. డాక్టరు చెప్పిన రోజుకు రక్త పరీక్ష కూడా చేయించండి.

ఆదివారం పిల్లలను చూడటానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, బిల్లులు తీసుకురండి. ఎనిమిదో తరగతి పిల్లలకు అసలు పేరు, ధర, గడువు తేదీ చదవడం నేర్పించాను, వాళ్లే మీకు చదివి చెబుతారు. ఆసుపత్రిలో మందు లేదంటే ఏ రోజు, ఏ మందు అన్నది ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితాలన్నీ సంఘం తరఫున ఐటీడీఏ పీవో గారికి ఇద్దాం. మొదటి కాగితం నా దగ్గర తయారుగా ఉంది.